తలుపు వెనక మేకు

మా సి.టి. గదిలో తలుపు వెనక ఒక మేకు ఉండేది. సీసం ఏప్రాన్‌ను దానికి తగిలించేవాణ్ణి. ఏప్రాన్‌కు వేరే స్టాండు ఉంది, అది బయట వరండాలో. మేకు మాత్రం చెయ్యి చాపితే అందుతుంది. ఎక్స్‌రే, సి.టి. రెండూ ఒక్కడే చూసుకునేవాడికి వరండా దాకా నడవడం కూడా ఒక పనే అనిపించే రోజులు వస్తాయి. నాకు అవి 2020లో మొదలై దాదాపు రెండేళ్లు సాగాయి. నాకు ఏమవుతోందో నాకు మొదట తెలియజెప్పింది ఆ మేకే.

మాది ఆళ్లగడ్డ. ఇంటరు బైపీసీ అయ్యాక ఎంసెట్‌లో సీటు రాలేదు. కర్నూలులో ఎక్స్‌రే, స్కానింగు పని నేర్పే రెండేళ్ల డిప్లొమా డి.ఎం.ఐ.టి. చదివి, 2006లో నంద్యాలలో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో చేరాను. అప్పటికి ఇంకా డార్క్‌రూమే. ఎర్రబల్బు వెలుతురులో ఫిల్మును హ్యాంగరుకు బిగించి డెవలపర్‌లో ముంచడం, నీళ్లలో కడగడం, ఫిక్సర్‌లో వేయడం, ఫ్యాను కింద ఆరబెట్టడం. ఇంటికెళ్లి సబ్బుతో ఎంత కడుక్కున్నా అన్నం ముద్దలో ఫిక్సర్‌లోని హైపో వాసన వచ్చేది. అయినా ఆ పనిలో ఒక నెమ్మది ఉండేది. ఫిల్ము ఆరేదాకా పేషెంటు బెంచీ మీద కూర్చునేవాడు, పక్కన నేనూ కూర్చునేవాణ్ణి. ఏ ఊరు, చెయ్యి ఎట్లా విరిగింది, ఈ ఏడు శనగ ఎట్లుంది అని మాట్లాడుకునేవాళ్లం. తర్వాత కంప్యూటెడ్ రేడియోగ్రఫీ, అదే సి.ఆర్. వచ్చింది, ఆ తర్వాత డిజిటల్ రేడియోగ్రఫీ, డి.ఆర్. వచ్చింది. మీట నొక్కిన కాసేపట్లోనే బొమ్మ తెర మీద ఉంటుంది. పేషెంటుకు అది మేలే. కానీ మిగిలిన ఆ పది నిమిషాలు నా చేతికి రాలేదు. వాటిలోకి ఇంకో ఇద్దరు పేషెంట్లు వచ్చి నిలబడ్డారు.

మా వైపు పల్లెల్లో ఎక్స్‌రేను ఫోటో అంటారు. "ఫోటో తీపిచ్చుకోను వచ్చినాం సారూ" అంటారు. ఫోటో తీయడమంటే మీట నొక్కడమే అని అందరికీ అనిపిస్తుంది. తుంటి విరిగిన ముసలామెను స్ట్రెచర్ మీంచి టేబుల్ మీదికి మార్చాలంటే దుప్పటి నాలుగు మూలలూ నలుగురు పట్టుకోవాలి. రాత్రి పదకొండు గంటలకు ఆమె కొడుకూ నేనూ తప్ప అక్కడ ఎవరూ ఉండరు. ఆ కొడుకు భయంతో ముందే పైకి ఎత్తేస్తాడు, బరువంతా నా నడుం మీద పడుతుంది. కడప రోడ్డు మీద లారీ గుద్దినవాళ్లు, శివరాత్రికి మహానంది పోయి వస్తూ ఆటో బోల్తాపడ్డవాళ్లు, మిద్దె మీంచి జారిన పిల్లలు. ఎక్స్‌రే తీయాలంటే నొప్పి ఉన్నచోటే పట్టుకుని తిప్పాలి. పొద్దుణ్ణుంచి రాత్రి దాకా నా చేతుల్లో అరవని మనిషి ఉండడు. చేరిన కొత్తలో ప్రతి అరుపుకూ "అయిపాయ అవ్వా, ఒక్క నిమిషం" అనేవాణ్ణి. ఆ మాట నా నోట్లోంచి ఎప్పుడు పోయిందో నాకు గుర్తులేదు.

2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కరోనా కేసులు కర్నూలు జిల్లాలో వచ్చాయి. నంద్యాల అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. మొదటి దఫా ఎట్లాగో గడిచింది. 2021 ఏప్రిల్, మే నెలలే మమ్మల్ని విరిచేశాయి. ముక్కులోంచి తీసిన పరీక్ష ఫలితం రావడానికి రోజులు పట్టేది, సి.టి. అయితే పది నిమిషాల్లో ఊపిరితిత్తులు కనిపిస్తాయి. అందుకని ఊపిరాడనివాళ్లూ, ఊపిరాడదేమోనని భయపడినవాళ్లూ అందరూ మా వాకిట్లోకే వచ్చారు. రోజుకు అరవై స్కాన్లు. కొన్ని రోజులు అంతకంటే ఎక్కువ. ఒక్కొక్కరి తర్వాత టేబుల్ తుడవాలి, కాసేపు ఆగాలి, మళ్లీ పిలవాలి. పి.పి.ఇ. కిట్టు లోపల చెమట బూట్లలోకి దిగేది. కిట్టు విప్పితే మళ్లీ తొడుక్కోవాలి కాబట్టి నీళ్లు తాగడం మానేశాను.

ఇక్కడ బ్యాడ్జి గురించి చెప్పాలి. రేడియేషన్ దగ్గర పనిచేసే ప్రతివాడూ ఛాతీ దగ్గర టి.ఎల్.డి. బ్యాడ్జి పెట్టుకోవాలి. అందులో మూడు చిన్న బిళ్లలుంటాయి. తమ మీద పడిన రేడియేషన్‌ను అవి పట్టి ఉంచుకుంటాయి. మూడు నెలలకొకసారి ల్యాబుకు పంపితే వాటిని వేడి చేస్తారు, వేడికి వెలుగుతాయి, ఆ వెలుగును కొలిచి మనకు ఎంత తగిలిందో చెప్తారు. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ప్రకారం అయిదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పద్ధతిగా పనిచేసేవాడికి ఆ అంకెలు ఆమడదూరంలో ఉంటాయి. పదిహేనేళ్లుగా నా రీడింగు సున్నాకు అటూ ఇటూగానే వచ్చేది, దాన్ని చూసి గర్వపడేవాణ్ణి కూడా. ఏప్రాన్ వేసుకున్నప్పుడు బ్యాడ్జి దాని లోపల, చొక్కాకు ఉండాలి. కిట్టు తొడగడం మొదలయ్యాక చొక్కా మీది బ్యాడ్జి పోతుందేమోనని తీసి ఏప్రాన్‌కు గుచ్చాను. అది ఏప్రిల్ మొదటి వారం. ఏప్రాన్‌ను మేకుకు తగిలించాను. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాను.

మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ అన్నారు. బస్సులు ఆగిపోయాయి. ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైమాటే. ఇంటికి పోయినా చిన్నపిల్లలున్న ఇల్లు. సెంటర్లోనే, పాత డార్క్‌రూములో చాప వేసుకుని పడుకునేవాణ్ణి. కిటికీ లేని గది. తెల్లారిందో లేదో తలుపు తట్టేవాళ్లను బట్టే తెలిసేది.

రేడియోగ్రాఫర్ పనిలో పుస్తకాల్లో రాయని బరువు ఒకటుంది. బొమ్మను అందరికంటే ముందు చూసేది మేము. డాక్టరు రిపోర్టు రాయకముందు, ఇంటివాళ్లకు తెలియకముందు, పేషెంటు ఇంకా టేబుల్ మీద ఉండగానే మాకు కనిపిస్తుంది. చెప్పే అధికారం మాకు లేదు, ఉండకూడదు కూడా. ఊపిరితిత్తులు సి.టి.లో నల్లగా ఉండాలి. ఆ రెండు నెలలూ అద్దానికి ఆవిరి పట్టినట్టు తెల్లమచ్చలే చూశాను. జనానికి స్కోరు లెక్క నోటికొచ్చేసింది. అయిదు లోబులకు ఒక్కోదానికి అయిదు చొప్పున ఇరవై అయిదు. టేబుల్ దిగకముందే "స్కోరెంత సార్" అని అడిగేవాళ్లు. "డాక్టరుగారు చెప్తారు" అనేవాణ్ణి. నా కళ్లద్దాల వెనక ఏముందో వెతికేవాళ్లు. కళ్లు కనపడకుండా తెర వైపు తిరిగి నిలబడటం నేర్చుకున్నాను.

మే రెండో వారంలో ఒక రాత్రి వరసలో మా లెక్కల అయ్యవారు వచ్చారు. ఆళ్లగడ్డలో నాకు పదో తరగతి చెప్పినాయన. మాస్కులో, కిట్టులో ఉన్న నన్ను ఆయన గుర్తుపట్టలేదు. నేను పేరు చూసి గుర్తుపట్టాను. టేబుల్ మీద పడుకోబెట్టి చేతులు తల పైకి పెట్టించాను. "గాలి బాగా పీల్చండి అయ్యవారూ, పట్టుకోండి" అన్నాను. అయ్యవారూ అన్న మాటకు తల తిప్పి చూశారు. గాలి పట్టుకోలేకపోయారు. రెండోసారీ కాలేదు. మూడోసారి అట్లాగే తీసేశాను. దిగేటప్పుడు నా మణికట్టు పట్టుకుని, "ఇరవై అయిదుకు ఎన్ని అబ్బీ?" అన్నారు.

పేపరు దిద్ది మార్కులు చెప్పడానికి నిలబెట్టినప్పుడు మేము ఆయన్ను అడిగిన మాట అది. "డాక్టరుగారు చెప్తారు అయ్యవారూ" అన్నాను. తెర మీద నేను చూసింది ఇరవైకి పైనే. ఆయన సరే అన్నట్టు తల ఊపి, చెప్పులు వెతుక్కుని, గోడ పట్టుకుని పోయారు. నేను తర్వాతి పేరు పిలిచాను. తొమ్మిదో రోజు కర్నూలు పెద్దాసుపత్రిలో పోయారని తెలిసింది. ఆ కబురు విన్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఏడుపు రాకపోవడం కాదు, వరసలో ఇంకా ఎంతమంది ఉన్నారో తల తిప్పి చూశాను.

ఆ రోజుల్లోనే, మే 3న, ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు ఒక సి.టి. మూడు నాలుగు వందల ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని అన్నారు. కొత్త మిషన్లలో తక్కువ డోసుతో తీస్తే అది అయిదు పది ఎక్స్‌రేలకు మించదని రేడియాలజిస్టుల సంఘం జవాబు ఇచ్చింది. మరుసటి రోజు నుంచి ప్రతి ఒక్కరూ నన్నే అడిగారు. నిజానికి అనవసరంగా స్కాన్ తీయించుకోవద్దన్న మాట సరైనదే, నేనూ దాన్నే నమ్ముతాను. కానీ అరవై మందికి అరవైసార్లు అది విడమరిచి చెప్పే ఓపిక నాకు ఏ మూలా మిగల్లేదు. "తీయించుకుంటావా, పోతావా?" అన్నాను ఒక ఆడమనిషితో. ఆమె చంకలో పసిబిడ్డ ఉంది. గట్టిగా కూడా అనలేదు. మామూలుగా అన్నాను. అది ఇంకా చెడ్డగా ఉంది.

జూన్‌లో ఇంటికి పోయాక మా ఆవిడ ఒక పొద్దున అడిగింది, "నిద్దర్లో ఏంటికట్లా అరుస్తావు?" ఏమంటున్నానని అడిగాను. "గాలి పీల్చు అంటావు, పట్టుకో అంటావు. వదులు అని మాత్రం చెప్పవు. ఇనేదాన్ని నాకే ఊపిరాడదు" అంది.

వర్షాలు వెనకబట్టాక ల్యాబు నుంచి కాగితం వచ్చింది. ఆ మూడు నెలల నా రీడింగు 11 మిల్లీసీవర్ట్‌లు దాటింది. ఒక విడతలో పది దాటితే విచారణ ఉంటుంది. నిజంగా మనిషికి తగిలిందా, లేక బ్యాడ్జికే తగిలిందా అని తేల్చాలి. నాకు చేతులు చల్లబడ్డాయి. ఎట్లా జరిగిందని రాత్రంతా ఆలోచించాను. పొద్దున వచ్చి తలుపు మూసి చూస్తే మేకుకు ఏప్రాన్, ఏప్రాన్‌కు బ్యాడ్జి క్లిప్పు. మూడు నెలలు అది అక్కడే వేలాడి, ప్రతి స్కానుకూ చెదిరిన కిరణాలు తింటూ ఉంది. నేను అద్దం వెనక కన్సోల్ దగ్గర ఉన్నాను. నాకేమీ కాలేదు.

జరిగింది జరిగినట్టు రాయాలి. పేరు, బ్యాడ్జి నంబరు, మిషన్ ఏది, పని ఎంత అని గళ్లున్న కాగితం. పని ఎంత అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. హాజరు రిజిస్టరు తెచ్చి లెక్కపెట్టాను. అంతకుముందెప్పుడూ ఆ లెక్క వేయలేదు. 71 రోజులు వరసగా సెలవు లేదు. రోజుకు పద్నాలుగు గంటలు. రాసి మా డాక్టరుగారికి ఇచ్చాను. ఆయన చూసి, "బ్యాడ్జి సంగతి ఉన్నదున్నట్టు రాయి. గంటలు ఇట్లా రాస్తే లేనిపోని ప్రశ్నలొస్తాయి, ఎనిమిది అని రాయి" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ రెండు నెలలూ తెల్లవారుజామున రెండింటి దాకా స్కాన్లు చదివి చదివి ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. ఆయనదీ నాదీ ఒకే నీరసం. ఆ కాగితం చించి, ఇంకోటి తీసుకుని, ఎనిమిది అని రాసి సంతకం పెట్టాను.

ఈ స్థితికి ఒక పేరుందని ఆ తర్వాతే తెలిసింది. బర్నౌట్ అంటారు. 1974లో న్యూయార్కులో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త ఉచిత వైద్యశాలలో పనిచేసేవాళ్లను, తననూ చూసుకుని దాన్ని రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో దాన్ని జబ్బుగా కాక పని వల్ల పుట్టే స్థితిగా చేర్చింది. మూడు గుర్తులు చెప్పింది: ఒళ్లు, మనసు హూనం కావడం, చేసే పని మీద విసుగు పుట్టి మనసు దానికి దూరం జరగడం, చేతనైన పని కూడా సరిగ్గా సాగకపోవడం. ఆఖరి బస్సులో శిరివెళ్ల మెట్ట దాటుతుండగా ఫోనులో ఇది చదివాను. మొదటిది నా నడుం. రెండోది చంకలో బిడ్డతో వచ్చిన ఆ తల్లి. మూడోది ఇంకా రాలేదనుకున్నాను.

వచ్చింది. 2022 వేసవిలో, ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయిన కొన్నాళ్లకు. చెల్లెలి పెళ్లి అప్పు తీరక, ఆదివారాలు ఆళ్లగడ్డలోనే ఒక చిన్న క్లినిక్కులో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. ఎవరూ బలవంతం చేయలేదు, వారంలో మిగిలిన ఒక్కరోజునూ నేనే అమ్ముకున్నాను. ఒక ఆదివారం శిల్పి ఒకాయన వచ్చాడు. ఆళ్లగడ్డలో ఏ వీధిలో నిలబడినా రాతి మీద ఉలి చప్పుడు వినిపిస్తుంది, గుళ్లకు విగ్రహాలు ఇక్కణ్ణుంచే పోతాయి. సుత్తి జారి బొటనవేలు మీద పడిందట. చేతి వెంట్రుకల్లో రాతిదుమ్ము తెల్లగా ఉంది. రెండు చేతులూ ఒకేలా కాయలు కాచి ఉన్నాయి. ఎక్స్‌రే తీశాను, కంప్యూటర్లో అక్షరం నొక్కాను, ఫిల్ము ఇచ్చి పంపాను.

గంట తర్వాత ఫిల్ము పట్టుకుని ఆయనే తిరిగొచ్చాడు. "సారూ, దీంట్లో ఆర్ అని ఉండాదంట. కుడిచెయ్యి అంట. దెబ్బ తగిలింది ఈ చేతికి" అని ఎడమచెయ్యి చూపించాడు. "కుడి నా సుత్తి చెయ్యి. ఇది ఉలి చెయ్యి."

పదహారేళ్లలో నేను ఎడమకు కుడి అని వేయడం అదే మొదటిసారి. వేలు కాబట్టి వాపు చూసి డాక్టరు కనిపెట్టాడు. అదే మోకాలి లోపలో, ఊపిరితిత్తిలోనో అయ్యుంటే? కుర్చీలో కూలబడ్డాను. ఆయన తిడతాడనుకున్నాను. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, "రాత్రి నిద్దర పోయినారా సారూ?" అని అడిగాడు. ఎవరూ అడగని మాట. ఉన్నదంతా చెప్పేశాను, ఎనిమిది అని రాసిన సంగతితో సహా. అంతా విని, "మా నాయన పొద్దున పూటే కండ్లు తీసేవాడు విగ్రహానికి. మధ్యానం మీద ముట్టుకోనిచ్చేవాడు కాదు. చెయ్యి బరువెక్కినాంక ఉలి కింద పెట్టల్ల, అప్పుడు పీఠం పనో, పాలిషు పనో చూసుకోవల్ల" అన్నాడు. మా పనిలో అట్లా కింద పెట్టే వీలుండదని అన్నాను. "రాయి తిరిగి రాదు కదా సారూ, మనిషొస్తాడా?" అన్నాడు.

కొత్త ఫిల్ము బయటికి వచ్చేదాకా మాట్లాడుకుంటూ కూర్చున్నాం. 2006 తర్వాత పేషెంటు పక్కన అంతసేపు కూర్చోవడం మళ్లీ అప్పుడే. ఎక్స్‌రేలు కొత్తగా వచ్చినప్పుడు వాటి ప్రమాదం తెలియక చేతులు కాలి, వేళ్లు కోయించుకుని, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల పేర్లు చెక్కి 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలో రాయి నిలబెట్టారని చెప్పాను. మొదట 169 పేర్లు, తర్వాత ఇంకా చేర్చారు. "నూటా అరవై తొమ్మిదా" అని, ఒక్కో పేరుకు ఎంతసేపు పడుతుందో లెక్క వేస్తున్నట్టు దెబ్బ తగలని చేతి వేళ్లు ఒకదానికొకటి తాకించుకుంటూ ఉండిపోయాడు. కిరణాల నుంచి మమ్మల్ని కాపాడటానికి లోకం ఎంతో చేసింది. సీసం వచ్చింది, బ్యాడ్జి వచ్చింది, హద్దులు వచ్చాయి. నిద్రలేని చేతికి మాత్రం ఇంకా ఏ గడీ సరిగ్గా పెట్టలేదు. 2021 మార్చిలో పార్లమెంటు చేసిన చట్టం మమ్మల్ని ఆరోగ్య వృత్తినిపుణులుగా గుర్తించింది. పేరు దొరికింది, సంతోషమే. గంటల సంగతి ఎప్పుడు రాస్తారా అని ఎదురుచూస్తున్నాను.

సోమవారం డాక్టరుగారి గదికి పోయాను. "ఆ కాగితం మీద ఎనిమిది అని రాసినాను సార్. పద్నాలుగు" అన్నాను. నిన్న కుడిఎడమలు తప్పానని కూడా చెప్పాను. చెప్పకపోతే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆయన చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. "నేనూ ఒక రిపోర్టులో తప్పు రాసినానబ్బీ, ఆ మే నెలలో. దేవుడి దయ, రెండోసారి చదివినప్పుడు దొరికింది" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. నెల తిరిగేసరికి శిరివెళ్ల నుంచి డి.ఎం.ఐ.టి. అయిన అమ్మాయి ఒకరు చేరారు. నా జీతంలో ఓవర్‌టైము పోయింది. ఆదివారం క్లినిక్కు మానేశాను. అప్పు ఇంకో రెండేళ్లు సాగింది.

అందరికీ ఇట్లా జరగలేదు. నాకు పని నేర్పిన సీనియర్ అన్న ఈ వృత్తే వదిలి కువైట్ పోయాడు, అక్కడ స్టోర్‌కీపరు. మిషన్ మళ్లీ ముట్టుకోనంటాడు. మా బ్యాచిలో ఇంకొకడు రెండు ఊళ్లలో రెండు డ్యూటీలు చేస్తూనే ఉన్నాడు, ఫోను చేస్తే మాట మధ్యలో నిద్రపోతాడు. 2023 సెప్టెంబరులో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచారు. ఊరికి మిషన్లు పెరిగాయి. మనుషులను కూడా అంతగా పెంచమని అడిగేవాళ్లలో ఇప్పుడు నేనూ ఒకణ్ణి. నా నడుం నొప్పి పోలేదు. అయ్యవారి మాట రాత్రిపూట ఇప్పటికీ వినిపిస్తుంది, ఇప్పుడు ఏడుపు కూడా వస్తుంది.

తలుపు వెనక మేకును ఆ అమ్మాయి చేరిన వారంలోనే పీకేశాను. ఒంటిగంటన్నర నుంచి రెండు దాకా ఎక్స్‌రే గది మూసి ఉంటుంది. భోజన సమయం అని అట్టముక్క మీద రాసి వేలాడదీశాం. ఎమర్జెన్సీ వస్తే ఒకరం లేస్తాం, ఇంకొకరం తింటాం. మొన్నొక మధ్యాహ్నం లోపల డబ్బా విప్పుకుని కూర్చున్నాం. గోస్పాడు వైపు నుంచి ఒక అవ్వ మనవడితో వచ్చినట్టుంది, తలుపు తట్టింది. బయట ఆయా మాట వినపడింది. "అన్నం తింటాండారవ్వా, అర్ధగంట కూచో."

"తిననీలేమ్మా పాపం" అంది అవ్వ. "నేనీడ నీడలో కూచుంటా. నిదానంగా తినమను."